గువ్వల్లంక మూడో గాటు

లోకనాథ్ వేడినీళ్ళ తొట్టిలో కాళ్ళు పెట్టుకుని, కూర్చున్నవాడు కూర్చున్నట్టే చచ్చిపోయాడు.

పట్టపగలు పదకొండింటికి. పక్కనే పన్నెండు మంది పెయింటర్లు గోడలకి రంగు వేస్తున్నారు. కునుకు తీస్తున్నాడనుకుని ఎవరూ లేపలేదు. మధ్యాహ్నం భోజనాలకి లేచినప్పుడు ఒకడు భుజం తట్టాడు. భుజం తట్టిన వైపుకే మనిషి ఒరిగిపోయాడు.

కంపెనీ డాక్టరు వచ్చి గుండెపోటు అని రాసి పోయాడు. మెడ వెనక, జుట్టు మొదలయ్యే చోట, దోమ కుట్టినంత ఎర్ర చుక్క ఒకటి ఉంది. ఆ డాక్టరు దాన్ని చూడలేదు. చూడకుండా ఉండటానికే జీతం తీసుకునే డాక్టర్లు ఈ దేశంలో తక్కువేం కాదు.

చోటు గురించి ముందే చెప్పాలి. గువ్వల్లంక అంటే గౌతమి పాయ మధ్యలో, యానానికి కాస్త ఎగువన ఉన్న లంక. ఐదేళ్ళ కిందటిదాకా అక్కడ చేపలు పట్టి బతికే నూట పది కుటుంబాలు ఉండేవి. ఒకరోజు పంటు పడవ మీద జేసీబీలు దిగాయి. వారంలో ఇళ్ళు లేవు. ఆ ఇళ్ళున్న చోట ఇప్పుడు జపాన్ ఉంది.

మొత్తం జపాన్ కాదు. హమాసే అని, అక్కడ సముద్రం ఒడ్డున ఆరువేల మంది ఉండే చిన్న ఊరు. ఆ ఊరికెళ్ళినవాళ్ళు చూసొచ్చే ఐదు వింతల్నీ కొలతలు తీసి తెచ్చి ఇక్కడ దించారు. రాతిమెట్ల గుడి, చెక్క వంతెన, రంగు చేపల కాలువ, కాళ్ళు నానబెట్టుకునే వేడినీళ్ళ తొట్టి, అన్నిటికన్నా గొప్పగా చెప్పుకునేది నదిలో నిలబడ్డ ఎర్ర తోరణం. లంకలో కొండ ఎక్కడిది? లంక ఇసుకే తవ్వి గుట్ట పోసి దానికి నూట ఎనిమిది మెట్లు పెట్టారు. చెర్రీ పూలు ప్లాస్టిక్‌వి, గుత్తికో జీఎస్టీ బిల్లు. బోర్డు మీద పేరు ‘సకురా డెల్టా’. జనం పెట్టుకున్న పేరు జపాన్ లంక.

జపాన్‌లో యాత్రికులు ఎక్కడికెళ్ళినా చిన్న పుస్తకం ఒకటి పట్టుకెళ్ళి, చూసిన చోటల్లా అక్కడి రబ్బరు ముద్ర వేసుకుంటారట. ఆ అలవాటునీ దించారు. ఐదు చోట్ల ఐదు ముద్రలు. వేడినీళ్ళ తొట్టి దగ్గర ముద్ర వేసే ఉద్యోగం లోకనాథ్‌ది. వాడు పుట్టింది ఆ లంకలోనే. తన పొయ్యి ఉండిన చోట యూనిఫాం వేసుకుని నిలబడి ముద్రలు వేసేవాడు.

చచ్చిపోయిన రోజు పొద్దున్నే వాడు ఆ పుస్తకం ఒకటి పోస్టులో వేశాడు.

*

మర్నాడు ఆ పుస్తకం రాజమండ్రిలో, ఒక జిరాక్స్ షాపు పైన, ఏ బోర్డూ లేని గదిలో హరిబాబు బల్ల మీద ఉంది. హరిబాబు తీర నిఘా విభాగానికి చీఫ్. బట్టతల, బీపీ మాత్రలు, ముప్పై ఏళ్ళ సర్వీసు.

ఎదురుగా ఏజెంట్ 41 కూర్చుంది. అసలు పేరు వీరవేణి. ఆమెదీ గువ్వల్లంకే. పదేళ్ళప్పుడు హాస్టల్ చదువుకి లంక దాటింది. లోకనాథ్‌ని సోర్స్‌గా పెట్టింది ఆమే. చిన్నప్పుడు ఇద్దరూ ఒకే నావలో పీతలు పట్టారు.

“ఐదు ముద్రలు ఉండాలి కదండి. ఆరున్నాయి,” అన్నాడు హరిబాబు.

ఆరోది ఫ్యాక్టరీ ముద్ర కాదు. అరిగిపోయిన హవాయి చెప్పు అడుగుని బ్లేడుతో చెక్కి, స్టాంపు సిరా పూసి, చివరి పేజీలో నొక్కాడు లోకనాథ్. బొమ్మ స్పష్టంగానే ఉంది: నదిలో తోరణం. దాని ఎడమ కాలి పక్కన మూడు అడ్డ గీతలు.

“కొంగల ముఠా గురించి మీకు తెలుసు. మూడు దేశాల్లో నాలుగు పేలుళ్ళు. డబ్బిచ్చినవాడి కోసం పేలుస్తారు. ఒక్కచోట కూడా వీళ్ళు దొరకలేదు. ప్రతిచోటా స్థానికులెవరో దొరికారు. వాళ్ళే ఇప్పటికీ జైళ్ళలో ఉన్నారు. ఈ లంక పక్కనుంచి నది అడుగున గ్యాస్ పైప్‌లైన్ పోతోంది. తోరణం కట్టిన ఇంజనీర్ పేరు డెక్కర్. నాలుగు పాస్‌పోర్టులు, నాలుగు దేశాలు.”

“జపాన్ వాళ్ళు?”

“వాళ్ళకేం తెలియదు. హమాసే టౌన్ ఆఫీసు నుంచి మోరితా అని ఒక పెద్దాయన వచ్చాడు, పాపం, ప్రారంభోత్సవానికి. రేపు మూడింటికి మంత్రి గారు రిబ్బన్ కట్ చేస్తారు. మూడు గీతలు, మూడు గంటలు. మా కోడ్ రూమ్ తేల్చింది. లోపలున్న మన మనిషి, కోడ్ నేమ్ కస్తూరి, ఆవిడా మూడనే అంటోంది. బాంబ్ స్క్వాడ్ కాకినాడ నుంచి ఒంటిగంటకల్లా దిగుతుంది.”

వీరవేణి ఆ మూడు గీతలకేసి చూసింది. ఎక్కడో చూసినట్టే ఉంది. ఎక్కడో గుర్తు రాలేదు. మూడు గంటలే అయ్యుంటుందని తనూ అనుకుంది. హాస్టల్ చదువు మనిషికి గడియారం చూడటం నేర్పుతుంది. మిగతావి మరిపిస్తుంది.

హరిబాబు గ్యాడ్జెట్లు బల్ల మీద పరిచాడు. కెమెరా ఉన్న విసనకర్ర. చెవిపోగులో ఇయర్‌పీస్. పెన్నులా కనిపించే జామర్. “ఇది నొక్కితే వంద మీటర్ల లోపల ఏ రిమోటూ పనిచేయదండి. ఢిల్లీ నుంచి వచ్చింది.”

తర్వాత కాస్త గొంతు తగ్గించాడు. “మీ అమ్మగారు రేపు నలభై నావలతో తోరణం దగ్గరికి నిరసనకి వస్తున్నారట.”

“వస్తుందండి.”

“ఆపలేమా?”

“ముందు గోదావరిని ఆపి చూద్దామండి. అది కుదిరితే మా అమ్మ దగ్గరికెళ్దాం.”

హరిబాబు జామర్‌ని ఆమె వైపు తోశాడు. “పేలుడు జరిగితే, చుట్టూ ఉన్నవి ఆ నావలే. బతికున్నవాళ్ళు జైలుకి, పోయినవాళ్ళు పేపర్లోకి. ముద్దాయిలు ముందే రెడీగా ఉన్నారు, 41.”

*

ఫాల్గుణ పున్నమి. పొద్దున్న ఏడింటికే ఎండ నెత్తి మీద కూర్చుంది.

స్టాఫ్ పంటు ఎక్కడానికి రేవుకి వచ్చిన వీరవేణి ఒంటి మీద నీలం కిమోనో, నడుముకి జానెడు వెడల్పు పట్టీ, లోపల ట్రాక్ ప్యాంటు. లోకనాథ్ స్థానంలో కొత్తగా చేరిన ముద్రల అమ్మాయి ఆవిడ. ఐడీ కార్డు మీద పేరు వెంకటదుర్గ.

రేవులో నావల బారు. మొదటి నావ అంచున కూర్చుని తాడు పేనుతున్న మనిషి తల ఎత్తింది. పెద్దింట్లమ్మ. అరవై ఏళ్ళు, మాట ముందు, మనిషి తర్వాత.

కూతుర్ని కిందనించి పైదాకా చూసింది. పక్కనున్న ఆడవాళ్ళతో అంది, “చూడండ్రా. నా కూతురు రాజమండ్రిలో ఇన్సూరెన్స్ ఆఫీసులో పనిచేస్తందని ఊరంతా చెప్పుకున్నాను. ఇదిగో ఇన్సూరెన్సు.”

“అమ్మా, తర్వాత చెప్తాను.”

“ఏం చెప్తావే? మీ నాన్న కట్టిన గుడిసె మీద నుంచి జేసీబీ నడిపించినోళ్ళ దగ్గర దుప్పటి చుట్టుకుని నిలబడి ముద్దర్లు గుద్దుతావా? లోకనాథుగాడు అలాగే గుద్దాడు. ఏమైంది?”

వీరవేణి నావ దగ్గరికి జరిగింది. “ఈ ఒక్కరోజు రావద్దే. రేపు రండి.”

“రేపు మంత్రి ఉంటాడా?”

“ఎన్నింటికి బయల్దేరతారు?”

“ఎన్నింటికేంటి? సముద్రం పోటు తగిలినప్పుడు. ఎదురు నీటికి గెడ వేసుకుంటా పోతామా ఎవరైనా?” పెద్దింట్లమ్మ నీళ్ళలో ఉమ్మేసింది. “పో. నీ జపాన్‌కి లేటవుతంది.”

*

సందర్శకుల్ని ఎనిమిదింటి నుంచే ఉచితంగా వదిలారు. తొమ్మిదికల్లా జపాన్ నిండిపోయింది.

మెట్ల గుడి దగ్గర జనం కొబ్బరికాయలు కొట్టేశారు. లోపలున్న దేవుడెవరో ఎవరూ అడగలేదు. చెక్క వంతెన మీద సెల్ఫీలకి క్యూ. రంగు చేపల కాలువ చూసిన భీమవరం చెరువుల ఆసామి ఒకాయన “మేత ఎక్కువేస్తున్నారండి, ఆక్సిజన్ చాలట్లేదు, మధ్యాహ్నానికి తేలతాయి” అని సెక్యూరిటీ గార్డుకి సలహా ఇచ్చి వెళ్ళాడు.

వేడినీళ్ళ తొట్టి దగ్గర తణుకు నుంచి వచ్చిన కుటుంబం పిల్లాడికి ఏకంగా స్నానం చేయించేస్తోంది.

“అమ్మా, కాళ్ళు మాత్రమేనండి,” అంది వీరవేణి.

“నీళ్ళు వేడిగా ఉన్నాయి కదండి, వేస్టెందుకని. సబ్బుంటే ఇస్తారా?”

ఆ పక్కనే మొదటిసారి పంచె కట్టినవాడంత ఇబ్బందిగా సూటు వేసుకున్న ఒక ముసలాయన ప్యాంటు మడిచి కాళ్ళు నీళ్ళలో పెట్టుకుని ఉన్నాడు. మోరితా. ఫోన్‌లోకి తన భాషలో ఏదో చెబితే ఫోన్ తెలుగులో పలికింది.

“మా ఊరిలో ఈ తొట్టి జాలర్ల కొరకు కట్టబడినది. చలికాలంలో వల లాగి వచ్చి కాళ్ళు కాచుకొనుటకు. ఇక్కడి జాలర్లు ఎక్కడ?”

వీరవేణి రేవు వైపు వేలు చూపించింది. మోరితా అటు చాలాసేపు చూశాడు. ఫోన్ జేబులో పెట్టేశాడు.

అప్పుడు సారిక వచ్చింది.

జపాన్ లంక హోర్డింగుల మీద ఉండే ముఖం సారికది. తెల్ల కిమోనో మీద బంగారు కొంగలు, జుట్టు ముడిలో పొడుగాటి వెండి పిన్ను, కాళ్ళకి చెక్క చెప్పులు, చేతికి ఖరీదైన స్మార్ట్ వాచీ. ఇంత ఎండలో చెమట చుక్క లేదు. ముద్రల బల్ల దగ్గరికి వచ్చి, పుస్తకం చాపి, మామూలుగా అడిగింది.

“పులస దిగిందా?”

“ఎర్రనీరు తగలందే ఎలా దిగుతుందండి?” అంది వీరవేణి.

కోడ్ సరిపోయింది. కస్తూరి ఈవిడే.

“మూడు గంటలు. కన్ఫర్మ్డ్,” సారిక పెదాలు కదపకుండా చెప్పింది. “రిమోట్ డెక్కర్ దగ్గర ఉంది. నీ జామర్ రెండున్నరకి ఆన్ చెయ్. అప్పటిదాకా ఇక్కణ్ణుంచి కదలకు.”

“లోకనాథ్‌ని ఎవరు చంపారు?”

“డెక్కర్ మనుషులు. బాధపడకు. ఈ పనిలో మామూలే.”

వీరవేణి ముద్ర వేసి పుస్తకం తిరిగిచ్చింది. “ఇప్పుడు టైమెంతయింది?”

సారిక నది వైపు చూసింది. తోరణం ఎడమ కాలి దగ్గర నీటి అంచుని. ఒక్క క్షణం. “ఇంకా ఉందిలే,” అంది.

చేతికి వాచీ ఉన్న మనిషి. టైమ్ అడిగితే నీళ్ళు చూసింది.

వీరవేణి కూడా అటే చూసింది. టైముకి నీళ్ళకేసి చూసేది తన వాళ్ళు. అమ్మ చూస్తుంది. నాన్న చూసేవాడు. పాత రేవులో పాతిన తాటి మొద్దు మీద నాన్న తరం వాళ్ళు పెట్టిన గాట్లకేసి చూసేవాడు. మొదటి గాటు రోజువారీ పోటు. రెండోది ఏకాదశి దాటాక వచ్చే పోటు. మూడో గాటు ఏడాదిలో ఎప్పుడు చూసినా పున్నమికీ అమావాస్యకీ మునుగుతుంది.

మూడు గీతలు గంటలు కావు. గాట్లు. లోకనాథ్ వేరే ఏం రాస్తాడు? చిన్నప్పుడు ఆ మొద్దెక్కి దూకినవాడు వాడు. తనకి అర్థమవుతుందనే పంపాడు. తనకే అర్థం కాలేదు.

ఈ రోజు పున్నమి.

“సారిక గారూ,” అంది వీరవేణి. “టైమర్ లేదు కదా?”

సారిక చిరునవ్వు అలాగే ఉంది. చెయ్యి మాత్రం జడముడి దగ్గరికెళ్ళింది. వెండి పిన్ను బయటికి వచ్చింది. దాని మొన దోమ కుట్టినంత సన్నం.

వీరవేణి చేతికి దగ్గరున్నది కాళ్ళ మీద నీళ్ళు పోసే రాగి చెంబు. నింపింది నింపినట్టు ముఖాన కొట్టింది. సారిక ఒక్క అడుగు వెనక్కి వేసింది. తడి రాయి, చెక్క చెప్పులు. హమాసేలో పుట్టినవాళ్ళకి అలవాటేమో, ఈవిడకి కాదు. వెల్లకిలా పడింది. పిన్ను తొట్టిలో పడి మునిగింది. లేచేలోపు వీరవేణి ఆవిడ నడుం పట్టీ లాగి, నాలుగు గజాల పట్టు గుడ్డతో బల్ల కాలికి కట్టేసింది. నావని గుంజకి కట్టే ముడి. లాగినకొద్దీ బిగుస్తుంది.

చుట్టూ ఉన్నవాళ్ళు ఇదీ ప్రోగ్రాంలో భాగమనుకుని చప్పట్లు కొట్టారు. తణుకు ఆవిడ వీడియో తీసింది.

“ఆపలేవు,” అంది సారిక, రొప్పుతూ. “స్విచ్ లేదు. రిమోట్ లేదు. తోరణం కాలు బోలుగా ఉంటుంది, లోపల డ్రమ్ము తేలుతూ ఉంటుంది. నీళ్ళతో పాటు లేస్తుంది. నీళ్ళు ఎంత ఎత్తొస్తాయని డెక్కర్ అడిగితే గాట్ల లెక్క చెప్పింది మీ లోకనాథే. మూడో గాటు దగ్గర రెండు ఇత్తడి రేకులు కలుస్తాయి. మీ వాళ్ళు పోటుతోనే వస్తారు కదా. వాళ్ళొచ్చారు, పేలింది. ఇంకేం కావాలి? నీళ్ళని ఆపుతావా?”

*

వీరవేణి అప్పటికే పరిగెడుతోంది. చెవిపోగు నొక్కింది.

“సార్, కస్తూరి వాళ్ళతో కలిసిపోయింది. మూడు గంటలు కాదు. పున్నమి పోటు.”

“అంటే టైమెంత?” హరిబాబు గొంతు.

“పావుగంట. మహా అయితే ఇరవై నిమిషాలు.”

“స్క్వాడ్ ఇంకా కాకినాడలో ఉందండి. ఒంటిగంటకి కదా రమ్మన్నాం.”

“ఉండనివ్వండి. టిఫిన్ చేయమనండి.”

రేవు మెట్ల దగ్గర ఆగి చూసింది. తోరణం కుడి కాలికి టూరిస్టు బోటు కట్టేసి ఉంది, అందులో ముప్పై మంది స్కూలు పిల్లలు, ఫొటోల కోసం ఇప్పుడే ఎక్కిన మోరితా. దిగువ ఒడ్డు నుంచి నలభై నావలు పోటు నీటి మీద జారుతూ వస్తున్నాయి. అందరికన్నా ముందు పెద్దింట్లమ్మ, గెడ నిలువుగా పట్టుకుని.

ఢిల్లీ పెన్ను జేబులో ఉంది. రిమోట్ లేని బాంబుకి జామర్ ఎందుకు? కిమోనో విప్పి పారేసి నీళ్ళలోకి దూకింది.

అమ్మ నావ అంచు పట్టుకునేసరికి గెడ దెబ్బ భుజం మీద పడబోయి ఆగింది.

“నువ్వా? జపాన్ మునిగిపోయిందా?”

“అమ్మా, ఆ తోరణం కాల్లో బాంబుంది. నీళ్ళు మూడో గాటుకొస్తే పేలుతుంది.”

“ఎవరు పెట్టారే?”

“వాళ్ళే. పేలితే పెట్టింది మీరంటారు.”

పెద్దింట్లమ్మ ముఖంలో ఆశ్చర్యం లేదు. “అదెప్పుడూ ఉండేదేగా,” అంది. వెనక్కి తిరిగి, మామూలు కంటే కాస్త గట్టిగా, “ఆవలి పాయలోకి తిప్పండెహె, నావలన్నీ. అడగొద్దు, తిప్పండి,” అంది. ఒక్కరూ అడగలేదు. ముప్పై తొమ్మిది నావలు తిరిగాయి. ఆమెది తిరగలేదు.

గెడ నాలుగు పోట్లు పొడిచేసరికి తోరణం కింద ఉన్నారు. పక్క బోటులోంచి మోరితా ఫోన్ చాపాడు. “గౌరవనీయ మహిళా, ఇది కార్యక్రమంలో భాగమా?”

“కాదు. పిల్లల్ని తీసుకుని దూరంగా వెళ్ళండి. ఇది పేలుతుంది,” అంది వీరవేణి ఆ ఫోన్‌లోకి. అది జపాన్ భాషలో పలికింది. మోరితా ఒక్కసారి తల వంచి, బోటు డ్రైవరు కదిలేలోపే తనే తాడు విప్పేశాడు. జాలర్ల ఊరివాడు. ముడి విప్పడం ఎవరూ చెప్పక్కర్లేదు.

ఎడమ కాలికి ఛాతీ ఎత్తున ఇనప మూత, నాలుగు బోల్టులు, మీద ‘ప్రమాదం, హై ఓల్టేజ్’ అని బోర్డు. పెద్దింట్లమ్మ గెడ కిందున్న ఇనప పొన్నుని మూత సందులో దూర్చింది. తల్లీ కూతురూ కలిసి మొగ్గారు. ఒక బోల్టు తెగింది. రెండోది తెగింది. మూత వేలాడిపోయింది.

లోపల కూజాలో చూసినట్టుంది. అడుగున నల్లటి నీళ్ళు, దాని మీద నీలం ప్లాస్టిక్ డ్రమ్ము, డ్రమ్ము మీద నిలువుగా ఇత్తడి కడ్డీ. కడ్డీ కొసకీ పైనున్న రెండు రేకులకీ మధ్య నాలుగు వేళ్ళ జాగా. చూస్తుండగానే మూడున్నర అయింది.

వీరవేణి చెయ్యి చాపింది. అందలేదు. గెడతో నొక్కబోయింది. డ్రమ్ము పక్కకి జారి కడ్డీ ఊగింది, రేకుని గీరినంత పని చేసింది. చెయ్యి వెనక్కి తీసుకుంది.

“బరువు కావాలే. దాని మీద పడి కూర్చునేది. జారకూడదు,” అంది.

నావలో ఉన్నది ఒక్కటే. మూల కుప్పగా విసురువల. అంచు చుట్టూ సీసం గుళ్ళు.

పెద్దింట్లమ్మ కూతురి చూపు ఎటెళ్ళిందో చూసింది. “అది మీ నాన్న ఆఖరున అల్లిన వల.”

“తెలుసే.”

మూడు వేళ్ళు.

“జరుగు,” అంది పెద్దింట్లమ్మ. “నీకు విసరడం చేతకాదు. బెత్తెడు సందులో అసలు చేతకాదు.”

వల తాడు ఉచ్చుని ఎడం మణికట్టుకి తొడుక్కుంది, నలభై ఏళ్ళుగా తొడుక్కున్నట్టే. సగం వల మోచేతి మీద, సగం కుడి గుప్పిట్లో, ఒక గుండు పళ్ళ మధ్య. కాలు నావ అంచుకి ఆనించి, లోపలికి ఒకసారి తొంగి చూసింది. మరీ తొందరేం లేనట్టే నిలబడింది. రెండు వేళ్ళు. వీరవేణి కళ్ళు మూసుకోవాలనుకుని మూసుకోలేదు.

విసిరింది అనడానికి లేదు. జార్చింది. వల ఆ చీకట్లో గొడుగంత విచ్చుకుని కడ్డీకి పక్కగా దిగి డ్రమ్ముని నెత్తి మీద నుంచి కమ్మేసింది. గుళ్ళు చుట్టూ దిగి కింద మూసుకున్నాయి. ఆరు శేర్ల సీసం. డ్రమ్ము ఒక్కసారి గుటకేసి కిందకి పోయింది. కడ్డీ దాంతో పాటే పోయింది.

పైన నీళ్ళు పెరుగుతూనే ఉన్నాయి. తోరణం కాలి మీది నాచు చార దాటాయి, మూడో గాటు ఎత్తుకొచ్చాయి, ఇంకో వేలు పైకొచ్చాయి. అక్కడే నిలబడ్డాయి.

ఏమీ జరగలేదు.

దూరంగా, కంపెనీ స్పీడు బోటులో కెమెరా పెట్టుకుని కూర్చున్న తెల్లటి మనిషి ఒకడు వాచీ చూసుకున్నాడు. మళ్ళీ చూసుకున్నాడు. తర్వాత బోటు యానాం వైపు తిప్పాడు.

“సార్, డెక్కర్ యానాం వైపు పోతున్నాడు,” అంది వీరవేణి చెవిపోగులోకి.

“ఎలా గుర్తుపట్టాలండి?”

“యానాంలో దిగి మందు షాపు వైపు వెళ్ళనివాడు ఒక్కడే ఉంటాడు. వాణ్ణి పట్టుకోండి.”

పోటు తీసి నీళ్ళు తగ్గేదాకా వల తాడు వదలడానికి లేదు, వదిలితే వల జారి డ్రమ్ము పైకి తేలుతుంది. పెద్దింట్లమ్మ మణికట్టుకి ఉచ్చుతో అలాగే కూర్చుంది. కూతురు ఎదురుగా కూర్చుంది.

“ఇన్సూరెన్సన్నావు,” అంది తల్లి చివరికి.

“ఇదీ ఇన్సూరెన్సేనే.”

“లోకనాథుగాణ్ణి నువ్వే పెట్టావా ఇందులో?”

వీరవేణి నీళ్ళకేసి చూస్తూ తలూపింది.

“వాడు చెప్పాల్సింది చెప్పాడు. నువ్వే లేటుగా విన్నావు.” పెద్దింట్లమ్మ తాడు ఇంకో చుట్టు చుట్టుకుంది. “వాళ్ళమ్మ దగ్గరికి నువ్వే వెళ్ళి చెప్పాలి. నేను రాను.”

*

స్క్వాడ్ వచ్చి బాంబు తీసింది. డెక్కర్ యానాం రేవులో దొరికాడు. సారిక కస్టడీలో కూర్చుని లాయర్నీ చెక్క చెప్పుల్నీ అడిగింది.

మూడింటికి మంత్రి వచ్చాడు. రిబ్బన్ కట్ చేశాడు. ‘చిన్న సాంకేతిక లోపం’ అని మైకులో ఒక ముక్క అన్నాడు. లోకనాథ్ పేరు ఎవరూ ఎత్తలేదు. మోరితా ఒక్కడే స్టేజీ ఎక్కనన్నాడు. వెళ్ళేముందు వీరవేణిని వెతుక్కుంటూ వచ్చి తన పుస్తకం చాపి, ఐదు ముద్రల తర్వాతున్న ఖాళీ పేజీ చూపించాడు. చెప్పు అడుగు ముక్క లోకనాథ్ బల్ల సొరుగులో దొరికింది. వీరవేణి దాన్ని సిరాలో అద్ది నొక్కింది. మోరితా ఆ పేజీకి నిలబడి నమస్కారం చేశాడు.

పదిహేను రోజుల తర్వాత హరిబాబు ఫోన్.

“ఇబ్బంది వచ్చిందండి, 41. ఎగ్జిబిట్ నంబర్ వన్, విసురువల, సీలు వేసి లాకర్లో పెట్టాం. లాకరు ఉంది, సీలుంది, వల లేదు. లోపలివాళ్ళ పనే. ఎంక్వయిరీ మీకే అప్పగిస్తున్నాను.”

“చాలా సీరియస్‌గా తీసుకుంటానండి,” అంది వీరవేణి.

ఆ మాట అంటున్నప్పుడు ఆమె గౌతమి మీద, అమ్మ నావలో ఉంది. అమావాస్య పోటు తగులుతోంది. ఎదురుగా ఎర్ర తోరణం. దాని పక్కన కొత్తగా పాతిన బోర్డు.

“ఏం రాశారే?” అంది పెద్దింట్లమ్మ, ఎడం మణికట్టుకి ఆ వల ఉచ్చే తొడుక్కుంటూ.

“భద్రతా కారణాల వల్ల తోరణానికి రెండొందల మీటర్ల లోపల వల వేయకూడదంట.”

పెద్దింట్లమ్మ తోరణానికీ తన నావకీ మధ్య కళ్ళతో కొలిచింది. మహా అయితే ముప్పై.

“మీటరంటే మన మూర కంటే పెద్దదా, చిన్నదా?”

“పెద్దదే.”

“అయితే కొలిచేవాణ్ణి నీళ్ళలోకి దిగమను,” అని వల విసిరింది.